అయినట్టుంది అనే మనిషి

ఆయన నోట "అయిపోయింది" అనే మాట నేను ఒక్కసారి కూడా వినలేదు. కాపీ పూర్తయినా, భోజనం పూర్తయినా, పొద్దున్నుంచి పడుతున్న వాన వెలిసినా ఆయనకు "అయినట్టుంది", అంతే. మా పాత స్టూడియోలో సర్వర్లు చూసుకునేది ఆయనే, నేను కొత్తగా చేరిన వారంలో పెళ్లయిందా అన్నా అని అడిగితే, "అయినట్టుంది చెల్లె, ఇద్దరు పిల్లలు గూడ ఉన్నట్టున్రు" అన్నాడు. నాకు తెలిసి ఆయన వేసిన జోకు అదొక్కటే. అది కూడా చుట్టూ ఎవరూ లేరని చూసుకుని వేశాడు.

పోయిన వారం జూబ్లీ హిల్స్‌లో ఒక కొత్త స్టూడియోలో ఎడిటింగు పని మొదలుపెట్టాను. మొదటి రోజు పొద్దున షూటింగు నుంచి కెమెరా కార్డులు వచ్చాయి. వాటిలోని దృశ్యాలను స్టూడియో సర్వర్‌లోకి ఎక్కించి, కార్డులు వెనక్కి ఇవ్వడం మా రోజువారీ తంతు. నా అసిస్టెంటు ఎక్కిస్తుంటే నేను వెనక నిలబడి కాఫీ తాగుతున్నాను. పని పూర్తి కాగానే తెర అడుగున సన్న అక్షరాల్లో ఒక మాట పడింది. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు మాట. అయినట్టుంది.

కాఫీ నా చీర మీద ఒలికింది. చేయి కాలిందని కూడా కాసేపటిదాకా తెలియలేదు. అక్కడ సర్వర్లు చూసుకునే ఇంజనీరమ్మాయిని పిలిపించాను. వరంగల్ వైపు పిల్ల, ముప్పై ఏళ్లుంటాయి. ఇది ఎవరు రాసిన ప్రోగ్రాం అని అడిగితే, తన గురువుదేనని, తను ఆయన దగ్గరే నేర్చుకుందని చెప్పింది. ఎక్కడుంటారాయన అన్నాను. "సార్ పోయిండు మేడమ్. మూడు నెలలైంది. గుండెపోటు" అంది.

లంచ్ టైములో ఒకసారి రమ్మని ఆ అమ్మాయికి చెప్పి, వెళ్లి బాత్రూంలో తలుపు వేసుకుని కూర్చున్నాను. ఆయన విషయంలో బాత్రూంలో దాక్కోవడం నాకిది రెండోసారి.

ఆయన భయస్తుడు. ఈ మాట తక్కువ చేసి అనడం లేదు. ఆయన భయం దాచుకునేవాడు కాదు, దానితోనే పని చేసేవాడు. ఫిల్మ్ నగర్‌లో మేం పని చేసిన స్టూడియోకి ఎదురుగా ఇరానీ హోటలుండేది. మేమంతా రోడ్డు దాటి, చాయ్ తాగేసి వెనక్కి వచ్చేసరికి కూడా ఆయన ఇటువైపు ఫుట్‌పాత్ మీదే హెల్మెట్ పట్టుకుని, రోడ్డు ఖాళీ అవుతుందని ఎదురుచూస్తూ ఉండేవాడు. ఆ రోడ్డు ఖాళీ కావడం ఎవరైనా చూశారా? చివరికి ఆయన చాయ్‌ని మేమే తెచ్చిచ్చేవాళ్లం.

పొద్దున రహమత్ నగర్ నుంచి బండి మీద వచ్చీ రాగానే ఆయన చేసే మొదటి పని సర్వర్ గదిలోకి వెళ్లి ఆ పెట్టెను అరచేతి వెనక భాగంతో తాకడం. పసిపిల్లకు జ్వరం ఉందేమోనని నుదురు చూస్తారే, అట్లా. వేడిగా ఉంటే నిట్టూర్చేవాడు. చల్లగా ఉంటే ఇంకా భయపడేవాడు. "పని జేస్తున్నదంటే వేడిగుండాలె గదా" అనేవాడు.

ఆ సర్వర్‌లో కూర్చున్న ప్రోగ్రాం ఆయన సొంతంగా రాసింది. దానికి మొహం లేదు, తెర మీద కనిపించదు. మిషన్ వెనకాల రాత్రింబవళ్లు మేలుకుని ఉండి, ఏడు ఎడిటింగ్ గదుల్లో ఎవరు ఏ దృశ్యం అడిగినా తీసిస్తుంది, ఎవరేం దాచమన్నా దాస్తుంది. ఏడు గదులకూ ఒకటే బీరువా అన్నమాట. ఇలా తెర వెనక ఉండే ప్రోగ్రాములను వాళ్ల భాషలో డీమన్, అంటే దయ్యం, అంటారట. ఆ మాట చెవిన పడిన మర్నాడే మా మేనేజరు గారు సర్వర్ గది గుమ్మానికి నిమ్మకాయలు కట్టించారు. వారం వారం నిమ్మకాయలు వాడిపోయాయేమో చూసి, మార్చమని ఆ ప్రోగ్రాం రాసిన ఆయనే గుర్తు చేసేవాడు.

సినిమాలు చూసేవాడు కాదు. తన చేతిలోంచి ఇన్ని సినిమాలు వెళ్లాయా, ఒక్కటీ చూడలేదు. నలభై డిస్కుల సినిమా, పన్నెండు డిస్కుల సినిమా అని వాటి కొలతలతో గుర్తు పెట్టుకునేవాడు. పెద్ద హీరో ఎదురొస్తే పక్కకి తప్పుకునేవాడు గానీ ఎవరో తెలిసేది కాదు.

శనివారం మధ్యాహ్నం మాత్రం ఆయన్ను చూడాలి. పనికిరాని పాత దృశ్యాలను సర్వర్‌లోకి ఎక్కిస్తూ ఎక్కిస్తూ, సగంలో ఉండగా కళ్లు గట్టిగా మూసుకుని, కరెంటు తీగను తనే లాగేసేవాడు. మళ్లీ తీగ పెట్టి, మిషన్ లేచాక, రాశానని ప్రోగ్రాం చెప్పినవన్నీ నిజంగా డిస్కులో ఉన్నాయో లేదో ఒక్కొక్కటీ చదివించి చూసేవాడు. సాయంత్రం అయిదయ్యేది. పిచ్చి శనివారం అని మేం పేరు పెట్టాం.

నేను అప్పుడు అసిస్టెంట్ ఎడిటర్ని. భీమవరం దగ్గర్నుంచి వచ్చి, కృష్ణానగర్‌లో ఇద్దరు డాన్సర్ పిల్లలతో కలిసి ఒక గదిలో ఉండేదాన్ని. నాకు భయమంటే నామోషీగా ఉండేది. ఇండస్ట్రీలో ధైర్యం ఉన్నవాళ్లే పైకొస్తారని ఎవరో చెబితే నమ్మాను. ఒకరోజు మెట్ల మీద ఆయన జొన్నరొట్టె తింటుంటే పక్కన కూర్చుని, ఎందుకన్నా అంత భయం అని అడిగాను. సర్వర్ గదికి రెండంతస్తుల దూరంలో తప్ప ఆయన టిఫిన్ డబ్బా మూత తీసేవాడు కాదు.

"మిషన్ల నడిమధ్యన ఒక పెద్ద ప్రోగ్రాం ఉంటది చెల్లె. అది ఓనరిల్లు అనుకో" అన్నాడు. "గా ఇంట్లనే కూసొని రాస్తే పని జల్ది అయితది. గాని ఒక్క తప్పు జేస్తే ఇల్లంత కూల్తది. నేను బయట కిరాయి రూముల ఉండి రాసిన. జర ఆలిశెం అయితది. గాని మనం పడితే మనమే పడ్తం. ఇల్లు కూలది." రొట్టె ముక్క తుంచి నాకు పెట్టాడు. కిరాయి గది సంగతి నాకు బాగానే తెలుసు కనుక ఆ మాట అర్థమైంది.

ఆ ఆలస్యమే ఆయన మెడకు చుట్టుకుంది. పక్క స్టూడియోల్లో కార్డు అరగంటలో కాపీ చేసిస్తున్నారు, మన దగ్గర గంటన్నర పడుతోందని ఓనరు గారు విసుక్కోవడం మొదలుపెట్టారు. ఎందుకంటే ఆయన ప్రోగ్రాం ప్రతి ముక్కా డిస్కులో రాసి, తిరిగి చదివి, సరిపోయిందని తేలాకే పూర్తయినట్టు చెప్పేది. నెల రోజులు ఒప్పుకోలేదు. చివరికి ఓనరు మాట కాదనలేక ఒక స్విచ్ పెట్టాడు. తెర మీద చిన్న గడి, పక్కన "తొందర" అని పేరు. అది నొక్కితే ప్రోగ్రాం దృశ్యాలన్నిటినీ ముందు మిషన్ జ్ఞాపకంలోకి, అంటే మెమరీలోకి, తీసుకుని, పూర్తయిందని చెప్పేసి, ఆ తర్వాత తీరిగ్గా డిస్కుకి ఎక్కిస్తుంది. మధ్యలో కరెంటు పోతే జ్ఞాపకంలో ఉన్నదంతా గాలికి పోతుంది. పెట్టిన రోజే ఏడు గదులకూ వచ్చి, దాన్ని ఎవరూ ముట్టొద్దని ఒక్కొక్కరికీ చెప్పి వెళ్లాడు.

ఇక ఆ దసరా నవమి రోజు. మా స్టూడియోలో ఆయుధపూజ అంటే ఓనరు గారికి ప్రాణం. ఆ రోజు ఏ మిషనూ పని చేయకూడదు, అన్నిటినీ ఆపి, తుడిచి, పసుపు కుంకుమలు పెట్టి, గుమ్మడికాయ కొట్టాలి. ఏటా సర్వర్ని ఆపే పని మాత్రం ఆయనదే. ముందు తన ప్రోగ్రాంను ఆపి, చేతిలో ఉన్నదంతా డిస్కుకి ఎక్కేదాకా ఎదురుగా నిలబడి, "అయినట్టుంది" అన్నాకే కరెంటు తీసేవాడు. ఆ ఏడాది ఇంట్లో పూజ చూసుకుని పదకొండుకి వస్తానని, వచ్చేదాకా సర్వర్ ముట్టొద్దని చెప్పి వెళ్లాడు.

ఆ పొద్దునే రెండు కార్డులు వచ్చాయి. ఊరి బయట కూల్చేయబోతున్న ఒక పాత మేడను మా సినిమా వాళ్లు అడిగి తీసుకుని, అది కూలుతుంటే రెండు కెమెరాలతో తీశారు. క్లైమాక్సు అదే. ఆ మేడ ఒక్కసారే కూలుతుంది. యూనిట్ వాళ్లు తమ దగ్గర ఇంకో కాపీ పెట్టుకోవాలి, కానీ వాళ్ల డిస్కు నిండిపోయిందట, పండగపూట కొత్తది ఎక్కడ కొంటాం, మీ దగ్గర ఉంటుందిగా అన్నారు. మధ్యాహ్నం ఇంకోచోట షూటింగు ఉంది, కార్డులు వెంటనే కావాలని యూనిట్ మనిషి నా నెత్తిన కూర్చున్నాడు. ఇంతలో పూజారి వచ్చాడు. ముహూర్తం పదింబావుకే అన్నాడు. మేనేజరు గారు గది గదికీ తిరిగి మిషన్లు ఆపిస్తున్నారు.

నేను తొందర నొక్కాను. నా చేత్తోనే. పావుగంటలో తెర మీద పూర్తయినట్టు పడింది. కార్డులు ఇచ్చేశాను. మేనేజరు గారు తొంగిచూసి, "అమ్మా, మీదయిపోయిందా? సర్వర్ ఆపమంటారా?" అన్నారు. అయిపోయిందండీ అన్నాను.

ఆయన పదకొండుకి అయిదు నిమిషాల ముందే వచ్చాడు. గుమ్మడికాయ ముక్కలు దాటుకుని, చెప్పులు విడిచి, నేరుగా లోపలికి వెళ్లి సర్వర్‌కు అరచేతి వెనక తగిలించాడు. కుంకుమ బొట్టు మీద. చేయి అక్కడే ఉండిపోయింది. "సల్లగున్నది" అన్నాడు. ఎవరినీ ఉద్దేశించి అనలేదు.

మిషన్ లేపి చూస్తే రెండో కార్డులో సగానికి పైగా లేదు. యూనిట్ వాళ్లకు ఫోన్ చేశాం. కార్డులు అప్పటికే చెరిపేసి కెమెరాల్లో పెట్టేశారట. దూరం నుంచి తీసిన మేడ ఉంది. దగ్గర నుంచి తీసిన మేడ, ఆ కూలే క్షణం, లేదు.

ఆయన కాసేపు మిషన్ ముందు కూర్చుని ఏవో వరసలు కిందికీ పైకీ జరిపి చదివాడు. తర్వాత నన్ను మెట్ల దగ్గరికి పిలిచాడు. మొహం పాలిపోయి ఉంది, గొంతు మాత్రం ఎప్పటిలాగే మెత్తగా ఉంది.

"చెల్లె, నువ్వేమన్న ముట్టినవా?"

నాకు ఆ క్షణంలో కృష్ణానగర్ గది కనిపించింది, సామాన్లు సర్దుకుని భీమవరం బస్సెక్కడం కనిపించింది, సినిమా పోగొట్టిన అమ్మాయి ఈమేనట అని జనం చూపించడం కనిపించింది.

"లేదన్నా" అన్నాను.

నా వైపు చూశాడు. "సరే తీ" అని లోపలికి వెళ్లిపోయాడు.

నాలుగు రోజులు ఆయన ఆ కుర్చీలోంచి లేవలేదనే చెప్పాలి. పోయిన వాటిలో ముక్కలేమైనా డిస్కు మూలల్లో మిగిలాయేమోనని వెతికాడు. నేను పక్కనే కూర్చున్నాను. సాయం చేయడానికి అనుకున్నారు అందరూ. కాదు, ఆయన ఏం కనిపెడతాడోనని కాపలా కూర్చున్నాను. తల ఎత్తితే చాలు, అడుగుతాడేమోనని చూపు తిప్పుకునేదాన్ని. మళ్లీ వంచేవాడు. తిండి సయించలేదు. ఇంటికి వెళ్తే డాన్సర్ పిల్లలు నాకు జ్వరమేమోనని నుదురు తాకి చూశారు, అలా చూడొద్దని వాళ్ల మీద అరిచాను.

నవమి మర్నాడే దశమి. సాయంత్రం ఆయన ఒక్క గంట ఇంటికి వెళ్లి వచ్చాడు. చొక్కా జేబులో జమ్మి ఆకులు. వాళ్ల ఇళ్లల్లో దసరా నాడు జమ్మిని బంగారమని చేతిలో పెట్టి అలయ్‌బలయ్ అంటూ కౌగిలించుకుంటారు, చిన్నవాళ్లు పెద్దవాళ్ల కాళ్లకు మొక్కుతారు. స్టూడియోలో ఆయనతో ఎవరూ మాట్లాడటం లేదు. మేనేజరు గారికి పెట్టబోతే చూడనట్టు వెళ్లిపోయారు. నా దగ్గరికి వచ్చి, "బంగారం, చెల్లె" అని నా చేతిలో పెట్టాడు. నేను వంగి ఆయన కాళ్లు ముట్టుకున్నాను. అప్పుడు చెప్పేయొచ్చు. తల వంచే ఉంది, మొహం కనిపించదు, ఒక్క మాట చాలు. లేచి నిలబడి, పండగ బాగా జరిగిందా అన్నా అని అడిగాను. నా బతుకులో నేను అడిగిన అన్ని ప్రశ్నల్లోకీ సిగ్గుమాలిన ప్రశ్న అదే.

నాలుగో రోజుకి కొన్ని ముక్కలు దొరికాయి. కూలే క్షణం దొరకలేదు. డైరెక్టరు క్లైమాక్సు మార్చి రాసుకున్నాడు. ఓనరు గారి గదిలోకి ఆయన్ను పిలిచారు, మేమంతా బయట నిలబడ్డాం. తలుపు పూర్తిగా వేయలేదు. "నా ప్రోగ్రాం అబద్ధం జెప్పింది సార్. రాయకముందే రాసిన అన్నది. తప్పు నాదే" అన్నాడు. స్విచ్ ఎవరైనా నొక్కారా అని ఓనరు గారు అడిగినట్టే లేదు, ఆ స్విచ్ అడిగి పెట్టించుకున్నది ఓనరు గారే కదా. సోమవారం నుంచి రావద్దన్నారు.

వెళ్లే ముందు నా గది తలుపు దగ్గర ఆగాడు. ఒక చేతిలో హెల్మెట్, ఒక చేతిలో టిఫిన్ డబ్బా. "మనం పడితే మనమే పడ్తం. ఫికర్ జెయ్యకు" అన్నాడు. ప్రోగ్రాం సంగతి మాట్లాడుతున్నాడనుకున్నాను, అనుకోవాలని గట్టిగా అనుకున్నాను. కింద అందరికీ చెప్పి వెళ్లడానికి నిలబడ్డాడని తెలిసి, బాత్రూంలోకి పోయి గడియ పెట్టుకున్నాను. బండి చప్పుడు వినబడేదాకా రాలేదు. ఆ భయస్తుడు ఆ రోజు రోడ్డు ఎలా దాటాడో నేను చూడలేదు.

ఆ తర్వాత నేను ఎడిటర్నయ్యాను. పేరొచ్చింది. ఫిల్మ్ నగర్ సిగ్నల్ దగ్గర ఎవరి చేతిలోనైనా హెల్మెట్ కనిపిస్తే కారు అద్దం ఎక్కించేదాన్ని. ఫోన్‌లో కొత్త నంబరు మోగితే, ఆయనేమో, తెలిసిపోయిందేమో అని వణికేదాన్ని. పదేళ్లు దాటినా ఆ వణుకు పోలేదు.

ఆ మొదటి రోజు లంచ్ టైములో ఇంజనీరమ్మాయి తన లాప్‌టాప్ పట్టుకుని నా గదికి వచ్చింది. గురువు గురించి అడిగే మనిషి దొరికిందని ఆ పిల్లకు సంబరం. రహమత్ నగర్ ఇంట్లోనే పై గదిలో ఆయన పాఠాలు చెప్పేవాడట. ప్రోగ్రాంను ఇంకో మూడు స్టూడియోలు వాడుతున్నాయట. శనివారం తీగ లాగే పని ఇప్పుడు తను చేస్తోందట, ఆమె కూడా కళ్లు మూసుకునే లాగుతుందట.

ఇందులో తొందర అని ఒక స్విచ్ ఉండాలే అన్నాను, వీలైనంత మామూలుగా.

"మీకెట్ల తెలుసు మేడమ్? అది సార్ ఎప్పుడో తీసేసిండు. ఎందుకు తీసేసిండో రాసి గూడ పెట్టిండు" అని వెతికి చూపించింది. ప్రోగ్రాం రాతల మధ్య, మిషన్ పట్టించుకోకుండా మనుషుల కోసం రాసుకునే చోట, నాలుగు ముక్కలు. ఇక్కడ తొందర స్విచ్ ఉండె. తీసేసిన. భయంల ఉన్నోళ్లు దాన్ని నొక్కుతరు. నొక్కినోళ్ల తప్పు గాదు, పెట్టినోని తప్పు.

ఆ స్విచ్ నొక్కితే ఎవరు నొక్కారో తెలిసేదా అని అడిగాను.

"తెలుస్తది మేడమ్. ఏ రూముల నుంచి, ఎన్ని గంటలకు, ఎవరి పేరు మీద అని మొత్తం రాసుకుంటది. మొదటి నుంచి గంతే. సార్ ఫస్టు రాసిందే అది" అంది.

మెట్ల దగ్గరికి పిలవక ముందు ఆయన చదివిన వరసలు అవే. నా పేరు చదివి లేచి వచ్చాడు. చదివాకే అడిగాడు. నేను చెప్పడానికి వీలుగా, చుట్టూ ఎవరూ లేని చోటికి పిలిచి అడిగాడు. ఆ తర్వాత జమ్మి తెచ్చి పెట్టాడు. ఇన్నేళ్లూ ఆయనకు తెలిసిపోతుందేమోనని చచ్చాను, తెలిసిన మనిషి రహమత్ నగర్‌లో పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ ఉన్నాడు. ఇక్కడి నుంచి బండి మీద పావుగంట.

"నొక్కింది నేనే" అన్నాను.

ఆ అమ్మాయికి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక లాప్‌టాప్ మూసేసింది. లేచి వెళ్లిపోతుందనుకున్నాను, వెళ్లలేదు.

అంతలో నా అసిస్టెంటు తలుపు తోసి, కాపీ అయిపోయింది మేడమ్, యూనిట్ వాళ్లు కార్డులు అడుగుతున్నారు, ఇచ్చేయమంటారా అన్నాడు. నేను చూసి వచ్చేదాకా ఇవ్వొద్దన్నాను. ఇంజనీరమ్మాయి వైపు తిరిగి, సర్వర్ గది ఎక్కడుందో చూపించమని అడిగాను.